హేస్టింగ్స్ వేషం వేసిన మనిషి హంతకురాలి కథ ఎలా రాశాడు?

మీరు అడిగినవి మూడు. అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ పొయిరో టీవీ సీరియల్లో అతని సహచరుడు కెప్టెన్ హేస్టింగ్స్‌గా వేసిన హ్యూ ఫ్రేజర్, రీనా వాకర్ అనే కిరాయి హంతకురాలి మీద నవలలు రాసిన హ్యూ ఫ్రేజర్ ఒక్కరేనా? ఒక్కరే అయితే, తెర మీద ఈగను తోలడానికి కూడా మొహమాటపడేలా కనిపించే ఆయన కాగితం మీద అంత నెత్తురు ఎలా పారించాడు? చిన్న వేషాలు వేసుకునే నటుడికి ఆ అనుభవం క్రైం నవల రాయడానికి ఏమైనా అక్కరకొస్తుందా? ఈ మూడో ప్రశ్న ఒక మిత్రుడి కోసం అడుగుతున్నానన్నారు. ఆ మిత్రుడు మీరేననుకుని రాస్తున్నాను. తప్పయితే ఆయనకు చూపించండి.

నేను ఇరవై ఏళ్ళకు పైగా పరిషత్తు నాటకాల్లో ఆడాను. కథానాయకుడి వేషం రెండుసార్లు దక్కింది. మిగతావన్నీ స్నేహితుడు, బావమరిది, ప్లీడరు గుమాస్తా, ఊరి పెద్దమనిషి. మోకాళ్ళు మొరాయించాక వారపత్రికలకు నేరకథలు రాయడం మొదలుపెట్టాను. ఫ్రేజర్ స్థాయి వేరు, ఆ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆయన నడిచిన దారిలో ఎక్కడ గుంటలున్నాయో, ఎక్కడ నీడ దొరుకుతుందో కొంత తెలుసు.

అవును, ఇద్దరూ ఒక్కరే. ఫ్రేజర్ 1945లో లండన్‌లో పుట్టాడు. వెబర్ డగ్లస్ అకాడమీలో నటన నేర్చుకున్నాడు. నటుడిగా పేరు రాకముందు 'టెల్‌టేల్' అనే బృందంలో పాటలు కట్టాడు. 1972లో ఇంగ్లండులో మొదలైన 'రెయిన్‌బో' అనే పిల్లల టీవీ కార్యక్రమం టైటిల్ పాట రాసినవాళ్ళలో ఆయనొకడు. అక్కడ ఒక తరం పిల్లలు ఆ పాట వింటూ పాలు తాగి పెరిగారు. అది కట్టిన చేతులే తర్వాత తెగిన తలకాయతో నవల మొదలుపెట్టాయని తెలిస్తే వాళ్ళకెలా ఉంటుందో.

ఆ తర్వాత ఆయన జీవితం మనం క్యారెక్టర్ ఆర్టిస్టు అనే మాటతో సరిపెట్టే జీవితం. 1978లో ఎడ్వర్డ్ రాజు సింహాసనం వదులుకున్న కథను టీవీకి తీసినప్పుడు విదేశాంగ మంత్రి ఆంథొనీ ఈడెన్. 1982లో పీటర్ గ్రీన్‌అవే తీసిన 'ది డ్రాఫ్ట్స్‌మన్స్ కాంట్రాక్ట్'లో బిగుసుకుపోయిన అల్లుడు టాల్మన్. అదే ఏడు క్లింట్ ఈస్ట్‌వుడ్ 'ఫైర్‌ఫాక్స్'లో సోవియట్ పోలీసు అధికారి. 1992లో 'పేట్రియట్ గేమ్స్'లో యజమాని పక్కనే తిరుగుతూ శత్రువులకు కబుర్లు చేరవేసే కార్యదర్శి. 1996లో 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్'లో కుక్కపిల్లలను కాజేసే క్రుయెల్లా కొలువులో వంగి వంగి నడిచే ఉద్యోగి. 1994 నుంచి 'షార్ప్' టీవీ చిత్రాల్లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్. ఆ వెల్లింగ్టన్ మనకు బొత్తిగా పరాయివాడు కాదు. డ్యూక్ కాకముందు, ఉట్టి ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్న రోజుల్లో, 1799లో హైదరాబాదు నిజాం పంపిన సేనను వెంటబెట్టుకుని టిప్పు మీదికి శ్రీరంగపట్నం వెళ్ళింది ఆయనే. 'షార్ప్' మొదటి రెండు చిత్రాల్లో ఆ వేషం డేవిడ్ ట్రౌటన్ వేశాడు, తర్వాత ఫ్రేజర్‌కు వచ్చింది. మరొకరు వదిలిన చెప్పుల్లో కాలు పెట్టి అవి తనవే అనిపించడం ఈ వృత్తిలో రోజువారీ పని.

ఆ జాబితాలో ఒక సంగతి గమనించారా? దాదాపు అన్నీ ఎవరో ఒకరి పక్కన నిలబడే వేషాలు. అల్లుడు, కార్యదర్శి, కొలువులో ఉద్యోగి. గదిలో ఉంటాడు. అన్నీ చూస్తాడు. కథ మాత్రం అతనిది కాదు. హేస్టింగ్స్ ఆ వరుసలోకే వస్తాడు.

హేస్టింగ్స్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. 1920లో అచ్చయిన మొదటి పొయిరో నవల నుంచి అగాథా క్రిస్టీ పుస్తకాల్లో హేస్టింగ్స్ పని కథ చెప్పడం. యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుడు, మంచివాడు, మర్యాదస్తుడు, ఎర్రజుట్టు అమ్మాయి కనిపిస్తే తర్కం మరిచిపోయేవాడు. మన కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంటు రాజు ఉన్నట్టే పొయిరో పక్కన ఇతను. రాజుకున్న చురుకు మాత్రం ఇతనికి లేదు. క్రిస్టీ రాసిన 33 పొయిరో నవలల్లో హేస్టింగ్స్ ఉన్నవి ఎనిమిదే. మధ్యలో ఆమెకే విసుగొచ్చి పెళ్ళి చేసి అర్జెంటీనా పంపేసింది. అయినా పాఠకుల మనసులో పొయిరో అనగానే పక్కన ఇతనే మెదులుతాడు, అతని గొంతుతో విన్నాం కాబట్టి. తెలుగు వ్యాకరణంలో 'నేను' అని చెప్పే పద్ధతిని ఉత్తమ పురుష అంటాం. హేస్టింగ్స్ రెండర్థాల్లోనూ ఉత్తమ పురుషుడే.

ఇప్పుడు టీవీ సంగతి. 1989 జనవరిలో డేవిడ్ సుషే పొయిరోగా ఐటీవీ అనే ఇంగ్లండు చానెల్లో సీరియల్ మొదలైంది. 2013 దాకా నడిచి 70 భాగాల దగ్గర ముగిసింది. ఫ్రేజర్ అందులో 43 భాగాల్లో ఉన్నాడు. మూల నవలలో హేస్టింగ్స్ లేనిచోట కూడా టీవీ వాళ్ళు తెచ్చి పెట్టారు. 'మర్డర్ ఇన్ మెసొపొటేమియా' నవలలో కథ చెప్పేది ఒక నర్సు. టీవీలో చూస్తే పక్కన హేస్టింగ్స్ ప్రత్యక్షం. అంటే మనిషిని పెంచారు. కానీ అతని అసలు ఉద్యోగం తీసేశారు. తెర మీద కథ కెమెరా చెబుతుంది, చెప్పడానికి మరో మనిషి అక్కర్లేదు. పుస్తకంలో 'నేను' అన్న మనిషి తెర మీద 'అతను' అయిపోయాడు. రచయిత ఇచ్చిన పేజీలకు పేజీల ఆలోచనలన్నీ పోయి నటుడికి మిగిలింది ఒక్కటే, వినడం.

వినడం అంటే ఏదో తేలికగా అన్నానని అనుకోకండి. చివర్లో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పొయిరో గుట్టు విప్పే సన్నివేశం ఏదైనా పెట్టుకుని, ఈసారి సుషేని వదిలేసి ఫ్రేజర్‌నే చూడండి. అవతల ఆయన నిమిషాల తరబడి మాట్లాడుతుంటాడు. ఈయనకు నాలుగు మాటలుంటే గొప్ప. పొయిరో ఒక పేరు అనగానే హేస్టింగ్స్ ఆ మనిషి వైపు చూడడు. ముందు పొయిరోనే చూస్తాడు, మీరు పొరపాటు పడలేదు కదా అన్నట్టు. ఆ తర్వాతే చూపు నెమ్మదిగా అటు తిరుగుతుంది. మన అనుమానాలు మనం ఎక్కడ వదిలిపెట్టామో అదే చోట అతనూ వదిలిపెడతాడు. ప్రేక్షకుడి బదులు ఆ గదిలో కూర్చున్నది అతనే.

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక నాటకంలో ఇన్‌స్పెక్టరు ఇంటివాళ్ళందరినీ ప్రశ్నించే సన్నివేశం పన్నెండు నిమిషాలు సాగేది. నేను కుడివైపు స్టూలు మీద కూర్చునే మేనమామను. ఒక్క మాట లేదు. ఇంటి కోడలు 'ఆ రాత్రి తలుపు నేనే తీశాను' అనగానే ఉలిక్కిపడేవాణ్ణి, ప్రేక్షకులు నవ్వేవారు. మా దర్శకుడు మూడోరోజు రిహార్సల్లో బీడీ ఆర్పి నా దగ్గరికొచ్చి, 'మాట చెవిన పడినప్పుడు కాదయ్యా, బుర్రలోకి దిగినప్పుడు తల ఎత్తు' అన్నాడు. రెంటికీ మధ్య ఉన్నది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలు నేను స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు.

మీ మూడో ప్రశ్నకు సగం జవాబు ఆ రెండు క్షణాల్లో ఉంది. నా మొదటి కథల్లో ఒకచోట ఇలా ఉండేది: "'ఆ తాళం చెవి నా దగ్గరే ఉంది' అంది సుభద్ర. ఎస్సై ఉలిక్కిపడ్డాడు." చాలాసార్లు తిరగరాశాక ఇలా అయింది: "'ఆ తాళం చెవి నా దగ్గరే ఉంది' అంది సుభద్ర. ఎస్సై టీ గ్లాసు బల్ల మీద పెట్టి, దాని కింద తడిసిన గుండ్రటి మచ్చను వేలితో తుడిచాడు. 'ఏ తాళం చెవి?' అన్నాడు." రెండోది గొప్ప వాక్యమని నేననను. కానీ అందులో ఎస్సై ఆలోచిస్తున్నాడు, చదివేవాడికి కూడా ఆలోచించే వ్యవధి దొరికింది. నాటకాల్లో మాటల్లేని స్టూలు మీద కూర్చోకపోతే నాకది తెలిసేది కాదు.

మళ్ళీ ఫ్రేజర్ దగ్గరికి. తెర మీద పోయిన 'నేను' ఆయనకు మరో దారిలో తిరిగొచ్చింది. క్రిస్టీ నవలల ఆడియో పుస్తకాలు ఎన్నో ఆయన చదివాడు, ఇంగ్లండులో చాలామందికి ఆమె కథల గొంతు అంటే ఆయన గొంతే. వీలైతే 'ది ఏబీసీ మర్డర్స్' ఆయన చదివింది వినండి. హేస్టింగ్స్ 'నేను' అంటున్నప్పుడు తెర మీద మనం చూసిన ఆ అమాయకుడి గొంతు కాదది. కొంచెం దూరం నుంచి, జరిగిపోయినదాన్ని తలుచుకుంటున్న మనిషి గొంతు. 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' కూడా చదివాడు. దాంట్లో కథ చెప్పేది హేస్టింగ్స్ కాదు, ఊరి డాక్టరు. ఆ పుస్తకం చదవనివాళ్ళు ఇక్కడ ఉండవచ్చు కాబట్టి అంతకన్నా ఒక్క ముక్క చెప్పను. 'నేను' అని చెప్పే మనిషిని ఎంతవరకు నమ్మాలన్నది ఆ పుస్తకాన్ని గట్టిగా చదివినవాడికి తెలిసినంతగా ఊరికే చదివినవాడికి తెలియదు, అంతే.

ఒక నవలను మొదటి నుంచి చివరి దాకా మైకు ముందు చదవడమంటే ఏమిటో ఆలోచించండి. కళ్ళతో చదివేటప్పుడు దాటేసే ప్రతి మాటా నోటి నుంచి వెళ్ళాలి. ఆధారం ఎక్కడ దాచారో తెలిసి కూడా అక్కడ గొంతు మారకూడదు, మారితే గుట్టు రట్టవుతుంది. పనిమనిషి, కల్నలు, అల్లరి కుర్రాడు, ముసలి దొరసాని అందరూ ఒక్క గొంతులోంచే రావాలి. అలాంటి పుస్తకాలు పదులకొద్దీ చదివిన మనిషికి క్రైం నవల ఎముకల గూడు చేత్తో తడిమినట్టు తెలిసిపోతుంది. రచనా శిబిరాల్లో ఎన్ని నెలలు కూర్చున్నా ఆ చదువు రాదని నా అభిప్రాయం.

ఇక 'కర్టెన్'. చివరి పొయిరో నవల. క్రిస్టీ దీన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే రాసి దాచి, 1975లో బయటపెట్టింది. టీవీలో 2013 నవంబరులో వచ్చింది. చివరి విడత చిత్రాల్లో మిగతావాటికన్నా ముందే దీన్ని చిత్రీకరించారు. అందులో హేస్టింగ్స్ భార్య పోయి, ముసలివాడై, ఎదిగిన కూతురితో పొసగక అవస్థపడుతుంటాడు. ఒక దశలో కూతుర్ని చెడగొడుతున్నాడని తాను నమ్మిన మనిషిని విషం పెట్టి చంపడానికి సిద్ధమవుతాడు. నిజంగానే సిద్ధమవుతాడు. ఏమైందో చెప్పను. పాతికేళ్ళ పాటు 'ఇంత ఘోరమా' అని నోరు తెరిచిన ఆ ముఖం మీద, నేనూ ఈ పని చేయగలను అన్న ఆలోచన దిగే క్షణాలను ఫ్రేజర్ ఎంత తక్కువతో ఆడాడో చూడండి. నా మటుకు ఆయన నటనలో శిఖరం అదే.

ఆ తర్వాత రెండేళ్ళకు, 2015లో, దాదాపు డెబ్భై ఏళ్ళ వయసులో, మొదటి నవల 'హార్మ్' వచ్చింది. వెంటనే 'థ్రెట్', 'మాలిస్', 2018లో 'స్టెల్త్'. నాలుగింటికీ కథానాయిక రీనా వాకర్. డబ్బు తీసుకుని హత్యలు చేస్తుంది. కథ చెప్పేది ఎవరనుకున్నారు? ఆమే. 'నేను' అంటూ. హేస్టింగ్స్ నుంచి లాక్కున్న ఉత్తమ పురుషను ఫ్రేజర్ తీసుకెళ్ళి హంతకురాలి చేతిలో పెట్టాడు.

హేస్టింగ్స్‌లో నేర్చుకున్నది వదిలేసి ఆయన పూర్తిగా ఎదురు దిక్కుకు పోయాడని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. క్రిస్టీ లోకంలో మనం పై అంతస్తు హాల్లో ఉంటాం. వంటింటి పిల్ల టీ ట్రే పట్టుకుని వస్తుంది, ఒకటి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పి వెళ్ళిపోతుంది. ఆ పిల్ల ఇంటికెళ్ళాక ఏం తిన్నదో మనకు తెలియదు. 'హార్మ్'లో 1956 నాటి లండన్, నాటింగ్ హిల్. పదిహేనేళ్ళ రీనా, తేరుకోలేని తల్లి, ఆకలితో తమ్ముడూ చెల్లెలూ. ఏరుకుని, దొంగిలించి వాళ్ళకు పెడుతుంటుంది. పేటలో ఒక రౌడీ చెల్లెలి మీద చేయి వేసేసరికి రీనా చేసే ప్రతీకారంతో ఆమె బతుకు చీకటి వైపు మళ్ళుతుంది. ఇది ఆ టీ ట్రే పిల్ల కథ. ఎన్నో ఏళ్ళు హాల్లో కూర్చున్న మనిషి ఒకరోజు లేచి ఆ పిల్ల వెనకే మెట్లు దిగి వెళ్ళినట్టుంటుంది.

నాటింగ్ హిల్ అనగానే మీకు రంగురంగుల ఇళ్ళు, సినిమాలో పుస్తకాల కొట్టు గుర్తొస్తాయేమో. యాభయ్యవ దశకంలో అది పాడుబడిన పేట. ఒక్కో ఇంట్లో గదికో కుటుంబం. అద్దెదారులను పీడించడంలో పేరు ఒక మాటగానే మారిపోయిన పీటర్ రాక్‌మన్ ఇళ్ళు అక్కడివే. ఇంట్లో శవాలు దాచిన జాన్ క్రిస్టీ ఉన్న రిల్లింగ్టన్ ప్లేస్ అక్కడే, అతన్ని 1953లో ఉరితీశారు. (ఇంటిపేరు చూశారా? మన రచయిత్రికి ఏ చుట్టరికమూ లేదు, ఆమెది మొదటి భర్త ఇంటిపేరు. కానీ ఇంగ్లండులో నేరం గురించి ఏం మాట్లాడినా ఒక క్రిస్టీ తగులుతుంది.) 1958లో వెస్టిండియన్ల మీద దాడులతో అల్లర్లు జరిగిందీ అక్కడే. ఫ్రేజర్ పుట్టింది 1945లో, అంటే రీనా ఆయనకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, ఒక అక్క వయసు. ఆ లండన్‌ను ఆయన పరిశోధన చేసి కట్టినట్టు ఉండదు, బొగ్గు పొగ వాసన చిన్నప్పుడే ముక్కుకు ఎక్కినవాడు రాసినట్టుంటుంది.

మెచ్చుకోవడం అయింది కాబట్టి లోపాలు కూడా. 'హార్మ్' రెండు కాలాల్లో నడుస్తుంది. 1956 లండన్ ఒకటి, 1974లో మెక్సికోలోని అకపుల్కో రెండోది. తెగిన తల, తలుపు తోసుకొచ్చే తుపాకీ మనిషి, కారు వేట, మాదకద్రవ్యాల నాయకుడు అన్నీ ఈ రెండో దాంట్లోనే. ఇది నాకు ఎక్కలేదు. సినిమాలు ఎక్కువ చూసిన మనిషి రాసినట్టుంది, నాటకాలు ఆడిన మనిషి రాసినట్టు లేదు. రీనాను కొట్టినవాడెవడూ చివరి దాకా నిలబడడు అని తెలిసిపోయాక ఉత్కంఠ తగ్గుతుంది. దుర్మార్గులు మరీ దుర్మార్గులు. హింస మీకు పడకపోతే ఈ పుస్తకాల జోలికి పోకండి, పిల్లలున్న ఇంట్లో బల్ల మీద పడేయకండి. లండన్ పుటల్లో మాత్రం, ముఖ్యంగా రీనా తిండి కోసం తిరిగే చోట్ల, ఒక్క మాట ఎక్కువ ఉండదు. సంభాషణలు పట్టుకుని చదవండి. ఎవరు మాట్లాడుతున్నారో పేరు లేకపోయినా తెలుస్తుంది. మైకు ముందు నేర్చుకున్నది అక్కడ వడ్డీతో తిరిగొచ్చింది.

మిగతావాటిలో 'మాలిస్' 1964లో, లండన్ ముఠాల కొట్లాటల నడుమ. 'స్టెల్త్' 1967లో, సోహో క్లబ్బులో ఒక అమ్మాయి హత్యతో మొదలై గూఢచారి వ్యవహారంలోకి పోతుంది. నాకు ముఠాల కథే నచ్చింది, గూఢచారులు వచ్చాక రీనా కొంచెం కీలుబొమ్మ అయింది.

పేరున్న నటుడు కాబట్టి ప్రచురణకర్త వేసుకున్నాడని అనుకోవచ్చు కదా అంటారేమో. పేరు తలుపు తీస్తుంది, నిజమే. కానీ పేరును సొమ్ము చేసుకోవాలనుకుంటే ఆయన చేయాల్సిన పని వేరు. ముప్పయ్యవ దశకం, పెద్ద బంగళా, గోల్ఫు, మీసాల డిటెక్టివు. హేస్టింగ్స్ అభిమానులు కళ్ళు మూసుకుని కొనేవారు. వాళ్ళలో సగం మంది మొదటి పుటల్లోనే పుస్తకం మూసేసే కథ రాశాడాయన. లెక్కలు వేసుకునే మనిషి చేసే పని కాదది.

ఈ దారిలో ఫ్రేజర్ ఒంటరి కాదు. మార్క్ బిల్లింగ్‌హామ్ సంగతి మీకు పనికొస్తుంది. బర్మింగ్‌హామ్‌లో పెరిగి, అక్కడే విశ్వవిద్యాలయంలో నాటకశాస్త్రం చదివి, 'ది బిల్' లాంటి పోలీసు సీరియళ్ళలో చిల్లర వేషాలు వేశాడు. 1989 నుంచి 'మెయిడ్ మారియన్ అండ్ హర్ మెర్రీ మెన్' అనే పిల్లల హాస్య సీరియల్లో గ్యారీ అనే మొద్దు భటుడు. తర్వాత స్టాండప్ హాస్యం. 2001లో 'స్లీపీహెడ్'తో డిటెక్టివ్ టామ్ థార్న్‌ను ప్రవేశపెట్టాడు, ఆ నవలలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇంగ్లండులో క్రైం నవలలకిచ్చే థీక్‌స్టన్స్ పురస్కారం రెండుసార్లు, 2005లో, 2009లో, ఆయనకే వచ్చింది. స్టాండప్, క్రైం నవల చుట్టాలేనని ఆయన చాలాసార్లు చెప్పాడు. మొదటి నిమిషంలో జనాన్ని పట్టుకోకపోతే పోయినట్టే, చివరి మాట దాకా అసలు సంగతి దాచాలి. 1997లో మాంచెస్టర్‌లో ఒక హోటలు గదిలో ముసుగు దొంగలు ఆయన్నూ తోటి రచయితనూ కట్టేసి గంటల తరబడి నిర్బంధించారు. ఆ భయం తర్వాతి పుస్తకాల్లోకి దిగింది. ఆయన హంతకుడి తెలివి కన్నా బాధితుడి భయం దగ్గర ఎక్కువసేపు నిలుస్తాడు, ఎందుకో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇంకొకాయన ఆంథొనీ ఆలివర్, వేల్స్ నుంచి వచ్చిన నటుడు. సినిమాల్లో, టీవీలో చిన్న చిన్న వేషాలు చాలా వేశాడు. ఇప్పుడు పేరు చెబితే అక్కడ కూడా ఎవరూ గుర్తుపట్టరు. స్టాఫర్డ్‌షైర్ పింగాణీ బొమ్మలంటే ప్రాణం. వాటి మీద ప్రామాణికమైన పుస్తకాలు రాశాడు, పాత వస్తువుల కొట్టు నడిపాడు. 1980లో 'ది ప్యూ గ్రూప్' అనే నవల రాశాడు. చిన్న ఊరు, ఒక అపురూపమైన పాత బొమ్మ, దాని మీద అందరి కన్ను. ఆ తర్వాత మరో మూడు. ఎక్కడా నెత్తురు పారదు, నవ్వొస్తుంది. ఆయనకు తెలిసిన రెండు లోకాలు, పాత వస్తువులూ మనుషుల నటనా. ఆ రెండిటినీ దాటి ఆయన ఎప్పుడూ బయటికి పోలేదు. నా లెక్కలో ఈ నలుగురైదుగురిలో అందరికన్నా హాయిగా చదివించేది ఈయనే. లిండా లా ప్లాంట్ కూడా మొదట నటే. తెర మీద లిండా మార్షల్ అనే పేరుతో వేసింది. 1983లో 'విడోస్' సీరియల్ రాసి, 1991లో 'ప్రైమ్ సస్పెక్ట్'తో ఆడ డిటెక్టివుల తీరే మార్చేసింది. తనకు వస్తున్న వేషాలు చూసి విసిగి మంచి వేషాలు తానే రాసింది.

ఇక మీ మిత్రుడికి, అంటే మీకు. క్యారెక్టర్ వేషాలు వేసినవాడి దగ్గర మూడు సరుకులుంటాయి. రెండు పుటల స్క్రిప్టులోంచి ఒక మనిషి పూర్తి బతుకును ఊహించడం అలవాటై ఉంటుంది. మాట ఎక్కడ తెగితే నోటికి హాయిగా ఉంటుందో తెలుస్తుంది. గదిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఎప్పుడూ గుర్తుంటుంది. ఈ చివరిది తక్కువ చేయకండి. మన క్రైం కథల్లో సగం తప్పులు అక్కడే. కిటికీ దగ్గరున్న మనిషి రెండు వాక్యాల తర్వాత తలుపు గొళ్ళెం తీస్తుంటాడు.

లేని సరుకు కూడా చెబుతాను. కథను నడిపించే అలవాటు మనకుండదు. ఎవరో రాసిన కథలోకి మనం వెళ్ళి వస్తాం. మొదటి నవల రాసే నటుడి దగ్గర మనుషులు బాగుంటారు, కథ కూర్చుండిపోతుంది. నాది అలాగే కూర్చుంది, నూట ఇరవై పుటల దగ్గర. ఆలివర్ అవస్థపడలేదు, ఒక వస్తువును మధ్యలో పెట్టి అందరినీ దాని చుట్టూ తిప్పాడు. మీరూ మొదటిసారికి అలాంటిదేదో పెట్టుకోండి. ఒక దస్తావేజు, ఒక నగ, ఒక పాత ఫోటో. రెండో లోపం ఏమిటంటే, ప్రతి చిన్న పాత్రకూ మంచి సన్నివేశం ఇవ్వాలనిపిస్తుంది, మనం అలాంటి సన్నివేశం కోసం ఏళ్ళు ఎదురుచూశాం కాబట్టి. పాలవాడికి నాలుగు పుటలు ఇచ్చానొకసారి. సంపాదకుడు ఎర్రసిరాతో 'హత్య పాలవాడు చేశాడా?' అని రాసి పంపాడు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలంటారా? రీనా కథ 'హార్మ్' నుంచి వరుసలోనే చదవండి, మధ్యలో దూకితే ఆమె ఎందుకలా అయిందో తెలియదు. అకపుల్కో అధ్యాయాలు విసుగనిపిస్తే లండన్ అధ్యాయాలు మాత్రం వరుసగా చదువుకోండి, నేను రెండోసారి అలాగే చదివాను. అంతకన్నా ముందు ఒక రాత్రి 'ది ఏబీసీ మర్డర్స్' ఫ్రేజర్ గొంతులో వినండి. ఆ మర్నాడు మీరు రాసిన మొదటి అధ్యాయాన్ని ఫోనులో రికార్డు చేసి, వంట చేస్తూనో బట్టలు మడతపెడుతూనో వినండి. ఎక్కడ మీ చేయి ఆగి చెవి అటు వెళ్ళిందో, ఎక్కడ వినడం మానేసి కూరలో ఉప్పు చూశారో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తులున్న కాగితాలు ఇక్కడ పెడితే చూస్తాను.